శాసనం లేని ఊరి చరిత్ర: చిత్తూరు కథాసాహిత్యం – స్వచ్ఛంద సేకర్తల బాధ్యత

వ్యాససంగ్రహం:

గ్రామచరిత్రల సేకరణ ఇవాళ చాలావరకు జీతభత్యాలు ఆశించని ఉత్సాహవంతుల చేతుల మీదుగా సాగుతోంది. వారి చూపు సహజంగా శాసనాల మీద, పాత గుడుల మీద నిలుస్తుంది. శాసనమో కైఫీయతో లేని చిన్న ఊళ్ళ చరిత్రకు తిరుపతి, చిత్తూరు ప్రాంత కథాసాహిత్యం ఎంతవరకు ఆధారం కాగలదో, ఎక్కడ కాలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మధురాంతకం రాజారాం, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రచనలను ప్రధానంగా మాండలిక దృష్టితోనే చదువుతున్న మన విమర్శ పద్ధతిని ప్రశ్నిస్తుంది.

కీలకపదాలు: గ్రామచరిత్ర, కైఫీయతులు, చిత్తూరు కథ, మౌఖిక చరిత్ర, మధురాంతకం రాజారాం, నామిని.

1. ఉపోద్ఘాతం:

తిరుపతి జిల్లా ఏర్పేడు సమీపంలోని గుడిమల్లం పరశురామేశ్వరాలయం శైవ శిల్పచరిత్రలో ప్రసిద్ధం. అక్కడి శాసనాలు పల్లవుల కాలం నుంచి మొదలవుతాయి. వాటిలో ఊరి పేరు 'తిరువిప్పిరంబేడు'. గర్భాలయం చుట్టుపక్కల నేల కంటే పల్లంలో ఉంది కాబట్టి 'గుడిపల్లం' అన్న మాటే గుడిమల్లం అయిందని జనం చెబుతారు. ఆ వ్యుత్పత్తి సరైనదా కాదా అన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది ఒకటే. రాయి దాతలు, గ్రహీతలు ఎరిగిన పేరును దాచింది. నోరు ఆ పల్లంలోకి దిగి గుడికి వెళ్ళే మనిషి పేరును దాచింది. గుడిమల్లానికి రెండూ దక్కాయి. శాసనం వేయించే దాత లేని వందలాది ఊళ్ళకు రెండోదే దిక్కు.

2. కైఫీయతు చెప్పింది, వదిలింది:

తెలుగు గ్రామచరిత్రలకు మొదటి పెద్ద సంపుటి కాలిన్ మెకంజీ (1754–1821) చేయించిన సేకరణ. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వారితో పనిచేసిన ఉద్యోగులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర ఉన్న కవిలెలను, పెద్దల మాటలను రాయించారు. ఆ శ్రమ లేకపోతే దక్షిణాది చరిత్రలో ఎన్నో పుటలు ఖాళీగా ఉండేవి. అయితే అది కొత్తగా చేతికి వచ్చిన సీమను తెలుసుకోవాలనుకున్న పాలకుల నీడలో జరిగిన సేకరణ. ఊరు ఎవరు కట్టించారు, ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, ఏ దేవుడికి ఎంత భూమి ఉంది అన్నవే అందులో ముందు వరుసలో నిలిచాయి. చెరువు తవ్వించిన వాడి పేరు కైఫీయతులో దొరుకుతుంది. తూము ఎత్తి మడికి నీరు పారించిన నీరుగంటి పేరు దొరకడం అరుదు.

ఆ తరువాత పాలనా సరిహద్దులు మారుతూ వచ్చాయి. చిత్తూరు జిల్లా 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలతో, జమీందారీలతో ఏర్పడింది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. ఒకే మండలంలోని రెండు ఊళ్ళ పాత కాగితాల కోసం రెండు వేర్వేరు జిల్లాల పేర్ల కింద వెతకవలసి రావచ్చు. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. కాగితం మీద పట్టు ఊరి మీద పెత్తనంగా మారిన చోట ఆ రద్దు అవసరమే. కాని ఆ కాగితాలను చదివి అర్థం చెప్పగలిగిన జ్ఞాపకాన్ని కూడా సేకరించాలన్న ఆలోచన ఆ మార్పుతో పాటు రాలేదు.

3. కథకులు అడగకుండానే చేసిన పని:

ఈ ఖాళీలో ఎవరూ పురమాయించకుండానే పనిచేసినవారు కథకులు. మొగరాలలో పుట్టి, దామలచెరువులో స్థిరపడి, ఉపాధ్యాయుడిగా జీవించిన మధురాంతకం రాజారాం (1930–1999) కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన నవల 'చిన్న ప్రపంచం – సిరివాడ' పేరులోనే ఊరిని ఒక పూర్తి ప్రపంచంగా చూసే దృష్టి ఉంది. 'హాలికులు కుశలమా' అన్న కథ పేరు రైతుల క్షేమం అడుగుతుంది. కైఫీయతు ఊరిని శిస్తు, మాన్యాల వైపు నుంచి పలకరిస్తే, రాజారాం ఊరి మనిషిని కుశలప్రశ్నతో పలకరించారు. ప్రశ్న మారింది కాబట్టి జవాబూ మారింది.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చ నాకు సాక్షిగా', 'సినబ్బ కథలు', 'మునికన్నడి సేద్యం' రచనల్లో తిరుపతి సమీపంలోని తన పల్లె బతుకును ఆ పల్లె నోటితోనే చెప్పించారు. ఈ రచనల మీద మన విశ్వవిద్యాలయాల్లో జరిగే చర్చ తరచుగా భాష దగ్గర మొదలై భాష దగ్గరే ఆగుతుంది. పరిశోధకులు పదాల పట్టిక తయారు చేస్తారు, జాతీయాలు, సామెతలు లెక్కిస్తారు, 'మాండలిక సౌందర్యం' అన్న శీర్షికతో అధ్యాయం ముగిస్తారు. పరిశోధక విద్యార్థిగా ఈ వ్యాసకర్త కూడా అటువంటి పట్టికలు తయారు చేసినవాడే. ఆ పట్టికలో మాట మిగులుతుంది, మాట వెనుక ఉన్న పని జారిపోతుంది.

'కపిల' అన్న మాట తీసుకుందాం. దానికి 'బావి నుంచి తోలుసంచితో నీరు తోడే సాధనం' అని అర్థం రాస్తే నిఘంటువుకు చాలు. చరిత్రకు చాలదు. కపిల తోలేందుకు ఎద్దులు కావాలి, మోకు కావాలి, తోలుసంచి కుట్టి బాగుచేసే పనివాడు కావాలి, అతడికి కళ్ళంలో కొలిచే మేర కావాలి. విద్యుత్ మోటారు వచ్చాక కపిలతో పాటు ఈ సంబంధాల గొలుసంతా తెగిపోయింది. చెరువు నిండి నీరు పొర్లే 'మొరవ' అన్న మాటా అటువంటిదే. మొరవ పారడం ఆ ఏటి పంటకు హామీ, కింది ఊరి చెరువుకు నీటి కబురు. ఇటువంటి మాట ఒక్కొక్కటీ ఒక చిన్న దస్తావేజు. సేద్యం చుట్టూ అల్లుకున్న కథను ఈ దృష్టితో చదివితే అందులో పాత్రల కష్టసుఖాలతో పాటు ఒక ఉత్పత్తి వ్యవస్థ లెక్కలు కూడా కనిపిస్తాయి.

4. కథ సాక్ష్యం అవుతుందా?

కథను ఉన్నదున్నట్టు చరిత్రగా స్వీకరించడం పొరపాటు. కథకుడు ఎన్నుకుంటాడు, కలుపుతాడు, వదిలేస్తాడు. బాల్యస్మృతిగా చెప్పిన కథలో కాలక్రమం కంటే అనుభవం బలంగా ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది కథ చెప్పే మనిషి నిలబడిన చోటు. రైతు ఇంటి వాకిట్లో నిలబడి చూస్తే మాలపల్లె, మాదిగపల్లె కూలికి వచ్చిన మనుషులుగా కనిపిస్తాయి. పల్లె లోపలి నుంచి చూస్తే అదే పొలం వేరే చరిత్ర చెబుతుంది. కరణం కవిలెకు ఉన్న పక్షపాతం కథకు ఉండదనుకోవడం అమాయకత్వమే.

కాబట్టి కథను జవాబుగా కంటే ప్రశ్నావళిగా వాడుకోవడం మేలు. కథలో నీరుగంటి కనిపిస్తే, మన ఊళ్ళో ఆ పని ఏ ఇంటివారు చేశారు, వారికి ఏం ముట్టేది, ఎప్పుడు ఆగిపోయింది అని అడగాలి. ఆ జవాబును రెవెన్యూ రికార్డుల్లోని ఇనాం వివరాలతోనూ, ఊరికి రెండో వైపున ఉన్న పెద్దల మాటతోనూ సరిచూడాలి. మాటలు పొసగని చోట రెండింటినీ నమోదు చేయాలి. ఆ పొసగనితనమే చాలాసార్లు ఊరి అసలు చరిత్ర.

5. సేకర్తలు – పద్ధతి:

తెలంగాణలో శ్రీరామోజు హరగోపాల్ కన్వీనరుగా ఉన్న కొత్త తెలంగాణ చరిత్ర బృందం శాసనాలను, ఆదిమానవుల సమాధులను, రాతిచిత్రాలను వెలుగులోకి తెస్తూ స్వచ్ఛంద కృషి ఎంత చేయగలదో చూపింది. పి. సాయినాథ్ 2014లో ప్రారంభించిన గ్రామీణ భారత ప్రజల భాండాగారం (పరి) రచయితల, అనువాదకుల స్వచ్ఛంద శ్రమతో తెలుగుతో సహా అనేక భాషల్లో పల్లె వృత్తులను, పాటలను నమోదు చేస్తోంది. మొదటిది రాయి వైపు నుంచి, రెండోది మనిషి వైపు నుంచి బయలుదేరాయి. చిత్తూరు సీమలో ఈ రెండు దారులూ కలవాలి.

కలిసేందుకు ఇక్కడ అనువైన చోట్లు ఉన్నాయి. ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల పాటు జరిగే భారతం అందులో ఒకటి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివరికి దుర్యోధన వధ – ఇవన్నీ జానపద పరిశోధకులకు తెలిసినవే. ఆ ఉత్సవాన్ని నడిపే చందాల పుస్తకం మీద మాత్రం మన దృష్టి పడలేదు. ఏ ఊరి నుంచి ఎంత వచ్చింది, ఏ కులం ఏ పని చేసింది, ఏ కరువు ఏట భారతం ఆగింది అన్న వివరాలకు అంతకు మించిన గ్రామ దస్తావేజు దొరకదు. దాన్ని దాచిపెట్టిన మనిషి ఊళ్ళోనే ఉంటాడు. అతడిని అడిగేవారే కావాలి.

డిగ్రీ కళాశాలల తెలుగు శాఖలు ఈ పనికి ముందుకు రావచ్చు. మన విద్యార్థుల్లో ఎక్కువమంది ఈ ఊళ్ళ నుంచే వస్తున్నారు. ఒక కథ చదివించి, అందులోని పది మాటలు తీసుకుని ఇంటి పెద్దల దగ్గరికి పంపితే చాలు. చెప్పినవారి అనుమతితో, వారి పేరు, వయసు, వృత్తి, చెప్పిన తేదీ రాసి ఉంచాలి. సేకరించిన ప్రతి ఒకటి ఆ ఊరి బడిలోనో గ్రంథాలయంలోనో మిగలాలి. ఊరి నుంచి తీసుకున్నది ఊరికి చేరకపోతే మెకంజీ కాలానికీ మనకూ తేడా ఏముంటుంది?

6. ముగింపు:

గ్రామచరిత్ర సేకరణ పాత వస్తువుల మీద మక్కువ మాత్రమే కాదు. ఎవరి జ్ఞాపకం చరిత్రగా మిగలాలన్న ప్రశ్న అందులో ఉంది. చిత్తూరు కథకులు ఆ ప్రశ్నకు తమ వంతు జవాబు రాశారు. విమర్శకులం దాన్ని యాసగా విని సంతోషించాం. ఆ యాసలోని పనిని, కొలతను, బాకీని చదవడం ఇక మన వంతు. మొరవ పారడం కళ్ళారా చూసిన తరం వయసు మీరుతోంది. ఆ తరం ఉండగానే అడిగితే కథ పక్కన సాక్ష్యం నిలుస్తుంది. ఆలస్యమైతే పదాల పట్టిక ఒక్కటే మిగులుతుంది.