వంగపండు రంగులో తెల్లచుక్కలు

ఈ పలకను ఒక్కసారి వెలుతురుకు ఎత్తి చూడండి. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్క, అందులో ఆరు గుంటలు. అడుగున నిండు వంగపండు రంగు, ఆ రంగు నడుమ తెల్లతెల్లని గుండ్రని ఖాళీలు! రంగు పట్టినచోట చెక్కుచెదరని కణాలు. ఖాళీ పడ్డచోట ఒకే ఒక్క వైరస్ దిగి, పక్కకణాన్నీ దాని పక్కకణాన్నీ కబళిస్తూ పోయింది. కంటికి ఆనని జీవి (జీవి అనవచ్చునో లేదో!) తాను ఖాళీ చేసిన చోటునే మనకు చూపిస్తోంది.

గుంట గుంటకూ వైరస్ ఉన్న ద్రవాన్ని పదింతలు పలచన చేస్తూ పోతారు. మొదటిది పూర్తిగా బోడి. రెండోదాంట్లో ఖాళీలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఆపైన, ఆహా, విడివిడిగా, ముద్దుముద్దుగా, వేలుపెట్టి లెక్కించుకోమన్నట్టు చుక్కలు! లక్షింతలు పలచన చేసిన ద్రవం పదోవంతు మిల్లీలీటరు పోస్తే 42 తేలాయనుకోండి, అసలు ద్రవంలో మిల్లీలీటరుకు 4.2 కోట్లు!

ఆ గుండ్రదనమంతా కణాల పైన పోసిన అగర్ అనే జిగురుపదార్థం చలవే. అది గడ్డకట్టి వైరస్‌ను ఎటుపడితే అటు కొట్టుకుపోనివ్వదు, ఇరుగుపొరుగును తప్ప ముట్టనివ్వదు. ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులేసేవాళ్లకు ఈ నడక కొత్తకాదు: పెయింటు కింద ఒక్క తుప్పుచుక్క నలువైపులా పాకి రూపాయి బిళ్లంత పొరను లేపేస్తుంది. 1952లో రెనాటో డుల్బెకో అనే శాస్త్రవేత్త కోడిపిండపు కణాల పొర మీద ఈ చుక్కలు తేల్చాడు. బాక్టీరియాను తినే వైరస్‌లకు అంతకుముందే ఉన్న వైభవం జంతువుల వైరస్‌లకూ దక్కింది.

2020 మేలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థవాళ్లు కరోనా వైరస్‌ను కోతి మూత్రపిండం నుంచి వచ్చిన వీరో కణాల్లో నిలకడగా పెంచారు. ఏ వైరస్ పెంపకానికైనా ఒక లయ ఉంటుంది. కణంలోకి దూరాక కొన్ని గంటలు ఎంత వెతికినా కొత్త వైరస్ కనిపించదు. అంతలో చుక్కల లెక్కతో గీసిన గీత లేస్తుంది, నిట్టనిలువునా, పట్టపగ్గాల్లేకుండా! కణాలు అయిపోయాక చదునవుతుంది.

వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్ష గంటల్లో తేల్చేస్తుంది, కాదనను. కానీ చచ్చిన వైరస్ తునకనూ లెక్కలో వేసుకుంటుంది. ఈ పలక మీద చోటు సత్తా ఉన్నవాటికే. కరోనా టీకా కోవాగ్జిన్ తొలి దశ ప్రయోగాల్లోనూ, టీకా పొందినవారి సీరం ఎంత పలచనైనా చుక్కల్ని సగానికి తగ్గించగలదో ఇలాగే కొలిచారు.