పది తలల లెక్క

రావణుణ్ణి గీయాలని కూర్చున్న ప్రతివారికీ ముందు ఎదురయ్యేది లెక్క. నడుమ ఒక ముఖం పెడితే మిగిలేవి తొమ్మిది. అటూ ఇటూ సమంగా పంచడం కుదరదు. ఒక పక్క నాలుగు, ఇంకో పక్క అయిదు పెడితే బొమ్మ ఒరిగిపోయినట్టుంటుంది. నడిమి ముఖం తీసేసి అయిదేసి చొప్పున పెడితే ఆ మెడ ఏ తలదో తెలియదు. తొమ్మిదే చూపించి పదోది వెనక ఉందనుకోమన్న చిత్రకారులున్నారు. తలల మీద తలలు పేర్చినవాళ్ళున్నారు. కథ చెప్పేవాడు పది తలలని ఒక్క మాటలో అనేసి ముందుకు సాగిపోతాడు. ఆ పదింటినీ ఒకే మెడ మీద నమ్మకంగా నిలబెట్టాల్సింది మాత్రం చేతిపనివాడు.

చాలాకాలంగా నా నోటుపుస్తకాల్లో ఇలాంటి రూపాలే గీస్తూ వస్తున్నాను. గీసేకొద్దీ ఒక సంగతి నాలో గట్టిపడింది. వింత బొమ్మను చూడగానే మనం దాన్ని గీసినవాడి ఊహను మెచ్చుకుంటాం. నాకు మాత్రం అందులో అంతకంటే ముందు కనిపించేది పొదుపు, కొలత, కచ్చితత్వం. ఏ ముక్క ఎక్కడ అతకాలో తెలియనివాడు గీసిన వింత గందరగోళంగానే మిగిలిపోతుంది.

ఈ మాటకు నాకు తెలిసినంతలో గొప్ప సాక్ష్యం తోలుబొమ్మ. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ పని ఇప్పటికీ సాగుతోంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో తోలుబొమ్మలాటను ప్రస్తావించాడంటే, తెలుగునాట దీని వయసు ఎంతో ఊహించుకోవచ్చు. మేకతోలును వేడినీళ్ళలో నానబెట్టి, బొచ్చు గీకేసి, బిగలాగి ఎండబెడతారు. ఎండాక అది కాగితమంత పలుచగా, దీపానికి అడ్డం పెడితే వెలుగును లోపలికి రానిచ్చేంత తేటగా అవుతుంది. దాని మీద రూపం గీసి, చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగు వేస్తారు. నడుముకూ భుజాలకూ మోచేతులకూ మోకాళ్ళకూ వేరువేరు ముక్కలు, వాటిని కలిపే దారపు ముళ్ళు. రావణుడి లాంటి నిలువెత్తు బొమ్మకు ఒక్క తోలు చాలదు.

ఇప్పుడు ఆ బొమ్మను నింపాదిగా చూడండి. ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నప్పటిలా పూర్తిగా విచ్చుకుని ఉంటుంది. ఛాతీ మనవైపు, పాదాలు పక్కకు. ఏ మనిషీ అలా నిలబడలేడు. కానీ తెర మీద పడేది నీడ. నీడకు ముక్కూ గడ్డమూ తెలియాలంటే ముఖం పక్కకు తిరగాల్సిందే. ఎదురుగా ఉన్న ముఖం నీడగా మారితే ఉత్త గుండ్రటి మచ్చ. కన్ను పెద్దదిగా లేకపోతే చివరి వరసలో కూర్చున్న ముసలామెకు అది కోపమో జాలో అందదు. ఒక్కో అవయవాన్నీ అది బాగా కనిపించే వైపు నుంచే తీసుకున్నారు. మనకు వింతగా తోచే ఆ రూపమంతా చూసేవాళ్ళ మీది మర్యాదతో పుట్టింది.

చిల్లుల సంగతి నాకు ఇంకా ఇష్టం. నగలన్నీ చిల్లులే. హారం, వడ్డాణం, కిరీటంలోని రాళ్ళు అన్నీ తోలు లేని చోట్లు. రంగు వేసిన చోట వెలుగు ఎర్రగానో ఆకుపచ్చగానో వడగట్టుకుని వస్తుంది. చిల్లు పడిన చోట నేరుగా వస్తుంది, అందుకే నగ మెరుస్తుంది. బంగారాన్ని చూపించడానికి ఉన్నదాన్ని తీసేయాలన్న ఆలోచన మొదట ఎవరికి తట్టిందో గానీ, ఆ చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

వెలుగుకు దారి వదిలే ఈ పనే అడవిలోనూ ఉంది. భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ వైపు మద్దిచెట్ల మీద పెంచే దసలి పట్టుపురుగు గూడు చీల్చుకుని సీతాకోకలా బయటికి వచ్చినప్పుడు, దాని నాలుగు రెక్కల మీదా నాలుగు కళ్ళుంటాయి. రంగురంగుల వలయం మధ్యలో, కనుపాప ఉండాల్సిన చోట, రంగు లేని పలుచని పొర. వెలుగుకు అడ్డం పెడితే అవతలి వైపు తెలుస్తుంది. ఈ జీవి బయటికి వచ్చాక ఏమీ తినదు, తినేందుకు తగిన నోరూ ఉండదు. బతికే ఆ కొద్దిరోజులూ జతకట్టి గుడ్లు పెట్టడానికే. అంత చిన్న బతుకుకు అంత పనితనం ఉన్న కిటికీలు ఎందుకని ఆ రెక్కలను గీస్తున్నంతసేపూ ఆలోచిస్తూనే ఉంటాను.

చిన్నప్పుడు ఒకసారి తోలుబొమ్మలాట జరుగుతుండగా తెర వెనక్కి వెళ్ళాను. అక్కడ రావణుడు ఒక వెదురుబద్దకు కట్టిన తోలు. అతని పక్కనే సీత, ఆటలో నవ్వించే కేతిగాడు, బంగారక్క ఒకే తాడుకు వేలాడుతున్నారు. ఆడించే పెద్దాయన చెక్క మీద కాలితో తాళం కొడుతూ, రెండు చేతులా బొమ్మలు తిప్పుతూ, పద్యం ఆపకుండానే నావైపు చూసి, “దీపానికి అడ్డం రావాక పాపా” అన్నాడు. పక్కకు జరిగి చూస్తే తెర మీద నా తల నీడ రావణుడి తలల్లోంచి జారుకుంటోంది. బొమ్మను తెరకు ఆనిస్తే గీత పదునుగా వస్తుంది, దీపం వైపు లాగితే రూపం పెరిగి, అంచులు కరిగిపోతాయి. హనుమంతుడు సముద్రం మీద ఎగరడమంటే ఆ జానెడు దూరమే.

నిమ్మలకుంట ఉన్న జిల్లాలోనే లేపాక్షి ఉంది. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో వీరన్న, విరూపన్న సోదరులు కట్టించిన వీరభద్రాలయం. అక్కడి కప్పుల మీది చిత్రాల్లో పక్కకు తిరిగిన ముఖాలనూ, సూటి ముక్కులనూ, విశాలమైన కళ్ళనూ చూస్తే తోలుబొమ్మలకు తోబుట్టువుల్లా ఉంటాయి. ఆ గుడిలోనే ఒక రాతి మీద మూడు తలల ఎద్దు ఉంది. ఒళ్ళు ఒకటే, తలలు మూడు ఎత్తుల్లో. అరచేత్తో ఏ రెండు తలలను మూసినా మిగిలిన తలతో నిండైన ఎద్దు నిలుస్తుంది. కుంభకోణం దగ్గరి దారాసురంలో, 12వ శతాబ్దపు చోళుల గుడిలో, దీనికి తిరగేసిన ఆలోచన కనిపిస్తుంది: ఒకే తలను ఏనుగూ ఎద్దూ పంచుకుంటాయి. ఈ రెండింటినీ పెన్సిలుతో అనుసరిస్తూ పోతే, ఒక్క గీత రెండు జంతువులకు పనిచేయాల్సిన చోట చెయ్యి ఆగిపోతుంది. ఆ గీత ఏనుగుకూ నిజం కావాలి, ఎద్దుకూ నిజం కావాలి. ఒక్కదానికే నిజమైతే రెండోది చచ్చిపోతుంది. ఎద్దును ఎద్దుగా గీయడం పూర్తిగా వచ్చినవాడే దీనికి పూనుకోగలడు.

ఒడియాలో సరళాదాసు 15వ శతాబ్దంలో రాసిన మహాభారతంలో నవగుంజరం అనే జీవి వస్తుంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. కాళ్ళలో ఏనుగుది ఒకటి, పులిది ఒకటి, జింకదో గుర్రానిదో ఒకటి. నాలుగో కాలు ఉండాల్సిన చోట తామరపువ్వు పట్టుకున్న మనిషి చెయ్యి. అడవిలో తపస్సు చేసుకుంటున్న అర్జునుడు దాన్ని చూసి విల్లు ఎత్తుతాడు. ఆ చెయ్యి కంటపడగానే వచ్చినవాడు కృష్ణుడని గుర్తించి దించేస్తాడు. పటచిత్రకారులు ఇప్పటికీ దీన్ని వేస్తున్నారు. నేను చూసిన మంచి బొమ్మలన్నింటిలో ఆ చెయ్యి ఎంతో సాదాగా ఉంది. మిగతా ఎనిమిదింటికీ ఈకలూ చారలూ పొలుసులూ దిద్దిన చిత్రకారుడు ఆ వేళ్ళ దగ్గర ఏ అలంకారమూ పెట్టలేదు. అర్జునుడికి అది తక్షణం తెలియాలి కదా.

నిమ్మలకుంటలో ఇప్పుడు ఎక్కువగా తయారయ్యేవి లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు. వాటితో ఇళ్ళు గడుస్తున్నాయి, ఉలి పట్టిన చేతులు నిలుస్తున్నాయి. వాటిని చిన్నచూపు చూసేవాళ్ళంటే నాకు కోపం. అయినా లాంప్‌షేడ్ మీది రావణుడు కదలడు. బొమ్మను ఎప్పుడు తెరకు ఆనించాలో, ఎప్పుడు వెనక్కి లాగాలో, ఏ పద్యానికి భుజం ఎంత విరవాలో ఆడితేనే చేతికి గుర్తుంటుంది. తోలు పని సంతలో బతుకుతుంది గానీ, ఆట బతకాలంటే ఎవరో ఒకరు తాంబూలం ఇచ్చి పిలవాలి. మా ఊరి శివరాత్రి జాగారానికి ఈసారి ఆర్కెస్ట్రా బదులు బొమ్మలాట పెట్టిద్దామని పెద్దలతో మాట్లాడుతున్నాను. తెల్లవార్లూ ఆడించాలని నేను అడుగుతున్నాను. లంకాదహనం దాకా చాలు, పదింటికి ముగించేద్దాం అంటున్నారు వాళ్ళు. రావణుడు యుద్ధానికి వచ్చేది ఆ తరవాతే అని మొన్న మళ్ళీ వెళ్ళి చెప్పి వచ్చాను.