75 దగ్గర ఉన్నదెవరు?

ఆర్సెనిక్ ద్రవ్యరాశి 75. ఆర్గాన్ వాయువు 40, ఉప్పులో ఉండే క్లోరిన్ 35. ఆ రెండూ అతుక్కుంటే అదీ 75. ప్లాస్మా మాస్ స్పెక్ట్రోమీటర్ బరువు చూస్తుందే తప్ప పేరు అడగదు. అందుకే ఉప్పు తగిలిన బోరు నీళ్లనో, రోగి మూత్రాన్నో అజాగ్రత్తగా పరీక్షిస్తే లేని విషం ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కుతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఎవరు ఏ అంకె చెప్పినా నాకు ముందు గుర్తొచ్చేది ఈ కూడికే.

రాజాం వెళ్తే, నీళ్లల్లో లోహాలు కొలిచే నా పని తెలిసినవాళ్లు అడిగేది ఒకటే: “ఉద్దానం నీళ్లల్లో ఏటుంది బాబూ?” ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, కొబ్బరి జీడి తోటల మధ్య, కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని పట్టుకుపోతోంది. షుగరు లేనివాళ్లకూ వస్తోంది. సిలికా, సీసం, కాడ్మియం, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే కూలి పని, ఇలా అన్నింటి మీదా అనుమానం ఉంది. ఇదే కారణమని మాత్రం తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు ఇచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. నీళ్లు మారినా ఆ ప్రశ్న అలాగే ఉంది.

ఐసీపీ-ఎంఎస్ అని పిలిచే ఈ ప్లాస్మా మాస్ స్పెక్ట్రోమీటర్ పద్ధతి మీద హౌక్, ఫాసెల్, గ్రే తదితరుల తొలి పత్రం 1980లో వచ్చింది. 1983 నాటికి యంత్రాలు అమ్మకానికి వచ్చాయి. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో శాస్త్రవేత్తగా పనిచేసిన వి. బలరాం దీన్ని మన దేశంలో రాళ్ల, ఖనిజాల పరీక్షకు అలవాటు చేసిన వాళ్లలో ముఖ్యుడు. నీళ్లను పొగమంచులా చేసి, వేల డిగ్రీల వేడిలో ఉన్న ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపితే పరమాణువులు అయాన్లవుతాయి. ఆ అయాన్లను యంత్రం బరువు వారీగా లెక్కపెడుతుంది. లీటరు నీళ్లలో గ్రాములో వంద కోట్లో వంతు ఉన్నా పట్టేస్తుంది.

అంత చురుకైన చూపు కాబట్టే మాకు భయమెక్కువ. సీసా గోడ నుంచి, యాసిడ్ నుంచి, గదిలో దుమ్ము నుంచి కూడా లోహం దిగుతుంది. అందుకని నమూనా లేకుండా అదే సీసాలో, అదే యాసిడ్‌తో ఉత్త నీళ్లను ముందు నడుపుతాం. దాన్ని బ్లాంక్ అంటాం. బ్లాంక్ చూపించని అంకెను నేను నమ్మను. 75 దగ్గర మరీ జాగ్రత్త. క్లోరిన్‌లో 35తో పాటు 37 కూడా ఉంటుంది, దాదాపు మూడుకు ఒకటి చొప్పున. 75 పెరిగినప్పుడు 77 కూడా ఆ లెక్కనే పెరిగిందంటే అది ఉప్పు పనేనని అనుమానించాలి. తర్వాత హీలియం నింపిన చిన్న గది గుండా అయాన్లను పంపుతాం. ఆర్గాన్ క్లోరిన్ జంట ఒళ్లు పెద్దది. ఎక్కువసార్లు గుద్దుకుని సత్తువ పోగొట్టుకుంటుంది, అవతలికి దాటలేదు. ఆర్సెనిక్ దాటుతుంది. తాగే నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంత తక్కువ దగ్గర ఈ తేడా తెలియకపోతే ఒక ఊరికి ఊరే మంచి నుయ్యిని వదిలేస్తుంది, లేదా చెడ్డ నూతినే నమ్ముకుంటుంది.

ఇంత చేసినా మనకు తెలిసేది ఇవాళ్టి నీళ్ల సంగతి. జబ్బు ఎప్పుడు మొదలైందో ఎవరు చెప్పాలి? కిడ్నీ కణాల్లో చేరిన కాడ్మియం దశాబ్దాలపాటు కదలదు కానీ, ఏ ఏట చేరిందో చెప్పదు. ఆ సంగతి చెప్పగలిగేది స్ఫటికం. మన తూర్పు కనుమల ఖొండలైటు రాళ్లలోని జిర్కాన్ స్ఫటికం మీద వెంట్రుక కన్నా సన్నగా లేజర్ కొట్టి, లేచిన పొడిని ఇదే యంత్రంలోకి పంపి, వంద కోట్ల ఏళ్లకు అటూ ఇటూ జరిగినదాన్ని చదువుతున్నారు. మనిషి ఒంట్లోనూ అలాంటి స్ఫటికం ఉంది. పన్ను. కణాలు పొరపొరగా కట్టిన కాల్షియం ఫాస్ఫేటు అది. చిన్నతనంలో కట్టిన పొరను ఒళ్లు మళ్లీ కట్టదు. పంటి పొరల మీద లేజర్ నడిపి పసితనంలో ఒంట్లోకి వెళ్లిన సీసం, మాంగనీసు జాడలు తీసే పద్ధతి విదేశాల్లో ఇప్పటికే నిలదొక్కుకుంది. ప్రతి చుక్క దగ్గరా కాల్షియం 43తో సరిచూస్తారు. పంటి పైపొరకు నోట్లోంచి లోహం తర్వాత కూడా అంటుతుంది కాబట్టి లోపలి డెంటిన్‌నే చదవాలి.

ఉద్దానం పెద్దవాళ్ల పళ్లను అలా చదవాలని నా కోరిక. జబ్బు ఉన్నవాళ్లవీ లేనివాళ్లవీ, సమ్మతి తీసుకుని, పేరు దాచి. ఎక్కడ పుట్టారు, పదేళ్ల వయసు వరకు ఏ నూతి నీళ్లు తాగారు, పెళ్లయ్యాక ఏ ఊరు వెళ్లారు అన్నది పక్కనే రాసుకోవాలి. పీకిన పన్నును ఆసుపత్రి పారేస్తుంది. అలా పారేయకుండా ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో వేసి, చీటీ అంటించి ఉంచితే చాలు. మిగతా పని మేం చేస్తాం.