ఓడలో అక్షవిద్య

తెలుగునాట మధ్యతరగతి గృహములలో పెరిగినవారికి పేకముక్క క్రొత్తది కాదు. పెండ్లివారి విడిదిలో భోజనములైన పిదప జంపకానా పరచి పదమూడు ముక్కలాటకు చుట్టును గూర్చుండని పెద్దలు అరుదు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అను నాలుగు పేరులును మనలో పెక్కుమందికి ఎక్కములతోపాటే వచ్చినవి. అయినను పిల్లవాడు పేకాటరాయుడని చెవిని బడినంతనే పిల్లనిచ్చువారు వెనుదిరుగుటయు మన యిండ్లలోని ఆచారమే. ఆటపై ప్రీతి, జూదముపై భీతి అను ఈ రెండింటి నడుమ పెరిగి, ఉద్యోగకాలమంతయు కళాశాలలో గణితము బోధించిన నాకు, ఈ మధ్య మా అమ్మాయియు అల్లుడును మయామి రేవునుండి కరీబియన్ ద్వీపములకు పోవు విహారనౌక యెక్కించినప్పుడు, అందలి కాసినోలో బల్లయాటలకు అక్షరాభ్యాసము చేసికొను అవకాశము లభించినది. సంభావ్యతాశాస్త్రము జూదపు బల్లమీదనే జన్మించినదని, నడుమ నాగిపోయిన ఆటలో పందెపు సొమ్మును ఎట్లు పంచవలెనను చిక్కుప్రశ్నపై 1654లో పాస్కల్, ఫెర్మాలు నడపిన ఉత్తరప్రత్యుత్తరములనుండి అది రూపుదాల్చినదని ఏటేటా విద్యార్థులకు చెప్పుచునే యుంటిని. ఆ శాస్త్రపు పుట్టినింటి గడప తొక్కుట మాత్రము ఇదియే మొదలు.

నౌకలోని కాసినో తెరచుటకును మూయుటకును గడియారముకంటె సముద్రమే ప్రమాణము. ఓడ రేవున నిలిచియున్నంతసేపు సాధారణముగా ఆ మందిరము మూతపడియే యుండును. తీరదేశపు శాసనము చెల్లు జలములను దాటిన పిదపనే బల్లలయొద్ద ఆట మొదలగును. 1982 నాటి అంతర్జాతీయ సముద్రశాసన ఒప్పందము ప్రకారము ఆ జలములు తీరమునుండి 12 నాటికల్ మైళ్ళ వరకు వ్యాపింపవచ్చును. అందువలన రేవేదియు తగులని దినములందే అక్కడి ఆటకు నిండుదనము; ఆ దినములందే, జనసమ్మర్దము లేని ఉదయవేళ, క్రొత్తవారికి ఉచితముగా పాఠములు చెప్పు పద్ధతి పెక్కు నౌకలలో కలదు. ఆ ఉచితబోధ కాసినో లాభమును కోరియే జరుగునని ఎరుగనివాడను కాను. కాని సాయంకాలపు సందడిలో అడుగుటకు జంకెడు ప్రశ్నలను తీరికగా అడిగి తెలిసికొనుటకు అంతకు మించిన వేళ లేదు. అచ్చట ఆడదలచినవారెల్లరు మొదట ఆ పాఠమునకే పోవలెనని నా దృఢాభిప్రాయము.

మాకు బోధించినది ఫిలిప్పీన్స్ దేశపు యువతి. ఆటకంటె ముందుగా ఆమె చేతుల మర్యాదను నేర్పెను. సొమ్మును డీలరు చేతికి అందింపరాదు. పచ్చని బనాతు పరచిన బల్లపై ఉంచవలెను. డీలరు ఆ నోట్లను ఒకదాని ప్రక్క నొకటిగా విప్పి పరచి, మొత్తమును పైకి చెప్పి, అంత విలువగల చిప్పులను లెక్కించి మన ముందునకు జరుపును. చిప్పులను పందెపు వలయములో నుంచి, ముక్కలు పడుట మొదలైన తరువాత వానిని తాకరాదు. ముక్కలు వెల్లకిల పంచెడి బ్లాక్‌జాక్ బల్లయొద్ద ఆటగాడు పేకను ముట్టనే రాదు. మరొక ముక్క కావలెనన్న బనాతుపై వ్రేలితో తట్టవలెను, చాలునన్న అరచేతిని ముక్కలపై అటునిటు ఆడింపవలెను. నోటిమాట చాలదు. డీలరు సైతము బల్లను విడుచునప్పుడు రెండు చేతులును చరచి, అరచేతులు త్రిప్పి చూపి మరి పోవలెను. పైకప్పునందలి కెమెరాలకు, తగవు వచ్చినప్పుడు తీర్పరులకు, ఆ సైగయే సాక్ష్యము. ఈ నియమములందు నాకు గొప్ప యందము గోచరించినది. మన విడిదులలో ముక్క పారవేయబోయి చేయి వెనుకకు తీసికొనువారిని ఎందరినో చూచియున్నాను. ఇచట వ్రేలు తట్టినంతనే నా నిర్ణయము నాదై బల్లపైకి వచ్చినది, ఫలితమును చూచి దానిని మార్చుకొను వెసులుబాటు లేదు.

ఆట విధానము సులభమే. ఆసుకు ఒకటియో పదునొకండో విలువ. రాజు, రాణి, జాకీలకు పది. మిగిలినవానికి వాని అంకెయే విలువ. 21 దాటకుండ డీలరుకంటె పైనుండుటయే గెలుపు. డీలరునకు స్వేచ్ఛ లేదు: 16 వరకు ముక్క తీయవలెను, 17 వచ్చినచో ఆగవలెను. ఇద్దరికిని నియమములు సమానముగనే కనబడుచుండగా కాసినోకు లాభమెక్కడిదని నేనడుగగా ఆ యువతి వేసిన ముక్కలనే చూపి సమాధానము చెప్పెను. ఆటగాడు ముందుగా ఆడును. అతడు 21 దాటినచో పందెము అప్పుడే పోవును. పిమ్మట డీలరును దాటినను అది తిరిగి రాదు. కాసినో వాటా అంతయు ఈ ముందువెనుకలలోనే యిమిడియున్నది. తన విచక్షణను విడిచి డీలరు నియమములనే ఆటగాడును అనుసరించినచో ఆ వాటా నూటికి సుమారు అయిదున్నర.

దానిని తగ్గించు మార్గమును కనుగొన్నవారు జూదరులు కారు. అమెరికా సైన్యమునకు చెందిన బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డర్మాట్ అను నలుగురు, మేరీలాండ్ రాష్ట్రమునందలి అబర్డీన్ శిబిరమున, బల్లపై నుంచుకొను లెక్కింపు యంత్రములతో ఏ రెండు ముక్కలకు డీలరు చూపిన ఏ ముక్క యెదుట ఏమి చేయవలెనో గణించి, 1956లో అమెరికా గణాంకశాస్త్ర సంఘపు పత్రికలో ప్రకటించిరి. తరువాత ఎడ్వర్డ్ థార్ప్ అను గణితాచార్యుడు ఐబీఎం 704 కంప్యూటరుతో ఆ గణనను ముందునకు నడపి, పడిపోయిన ముక్కలను గుర్తుంచుకొనువానికి అనుకూలము కాసినో నుండి ఆటగానివైపు మరలు ఘట్టములున్నవని నిరూపించి, 1962లో ‘బీట్ ది డీలర్’ అను గ్రంథము వెలువరించెను. కాసినోలు ఊరకుండలేదు, ఆరు పేకలు కలిపి 312 ముక్కలు పెట్టెలో నుంచుట, ఎడతెగక కలిపెడి యంత్రములను నిలుపుట దాని పర్యవసానమే. నలుగురు సైనికుల పట్టిక మాత్రము నేటికిని, స్వల్పమైన దిద్దుబాట్లతో, ప్రతి ప్రారంభకునకు పెద్దబాలశిక్ష. మంచి నియమములుగల బల్లపై దానిని తప్పక పాటించినచో కాసినో వాటా నూటికి అరకు చేరువగును.

ఆనాటి సాయంకాలము నిజమైన పందెముతో కూర్చున్నప్పుడు నాకు పది, ఆరు పడినవి. డీలరు చూపినది రాణి. పదునారు మీద పది యెదురైనప్పటి స్థితి ఈ ఆటలోకెల్ల దుర్భరమైనది. ఆగినచో నూటికి సుమారు 77 సార్లు ఓటమి. ముక్క అడిగినచో పదమూడు అంతస్తులలో ఆరు మొదలుకొని రాజు వరకు ఎనిమిదింటిలో ఏది వచ్చినను చేయి మునుగును. అయినను మొత్తముమీద అడుగుటయందే నష్టము రవంత తక్కువయని పట్టిక చెప్పును. తట్టితిని, కళావరు ఎనిమిది పడినది, ఇరువదినాలుగు. ప్రక్కనున్న మా అల్లుడు పదునైదు మీద చేయి అడ్డముగా ఆడించి ఆగెను. పట్టిక ప్రకారము అతడును అడుగవలసినదే. డీలరు బోర్లించిన ముక్కను త్రిప్పగా ఆరు. పదునారు మీద మరొకటి తీయగా తొమ్మిది. ఆమె మునిగెను, అతడు గెలిచెను.

“మామయ్యగారూ, మీరు ఆ ముక్క అడక్కుండా ఉంటే ఆ ఎనిమిది ఆమెకే పోయేది. మీరూ గెలిచేవారు కదండీ!” అని అతడు బాధపడెను.

“గెలిచేవాణ్ణే బాబూ. కానీ అడగడమే సరి. మళ్ళీ అదే పదహారు వచ్చినా అడుగుతాను,” అంటిని.

ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఆ క్షణమే. ఓడినవాడు సరిగా ఆడెను, గెలిచినవాడు తప్పుగా ఆడెను. రెండును ఒకే బల్లపై, నిమిషమైన కాకమునుపే కన్నులయెదుట జరిగినవి. లోకవ్యవహారమునందు మనము ఫలితమునుబట్టి బుద్ధిని కొలుతుము. లాభము వచ్చిన వర్తకుడు వివేకి, నష్టపోయిన రైతు అవివేకి; పంట వేయునాటికి అతడెరిగినదేమి, ఎరుగుటకు వీలుకానిదేమి అని విచారించువారు లేరు. నిర్ణయము వేరు, దాని పర్యవసానము వేరు అను సత్యమును కళాశాలలో ముప్పది యేండ్ల బోధనచేతను నేను ఇంత స్పష్టముగా చూపలేకపోయినమాట నిజము. ఏలయన, జీవితమునందు ఒకే పరిస్థితి మరల మరల రాదు. బల్లయొద్ద పదునారు మీద పది ప్రతిదినము వచ్చును, తీసికొన్న నిర్ణయపు గుణమును లెక్క తేల్చును.

మనవారికి ఈ వివేచన క్రొత్తదని అనుకొనరాదు. మహాభారతమునందలి నలోపాఖ్యానమును తలంచుకొందము. జూదములో రాజ్యమును పోగొట్టుకొని ఋతుపర్ణునకు సారథియైన నలుడు రథము తోలుచుండగా, ఆ రాజు దారిలోని తాండ్రచెట్టును చూచి దాని యాకులను కాయలను గణించి చెప్పెను. నలుడు నమ్మక, రథమాపి, తానుగా లెక్కించి సరిచూచికొనెను. అశ్వహృదయమను గుర్రపువిద్యకు మారుగా అక్షహృదయమను పాచికల విద్యను అతడు పొందినది ఆ చెట్టుక్రిందనే. వైదికకాలమున పాచికలుగా వాడినది ఆ తాండ్రకాయలనే యని తెలిసినవారికి ఆ చెట్టు అక్కడ నిలుచుట యాదృచ్ఛికము కాదని తోచును. జూదపు రహస్యమును గణనతో ముడివేసిన ఆ కథకుని ప్రజ్ఞకు నేను నమస్కరింతును. మన న్యాయస్థానములును నేర్పునకు, అదృష్టమునకు గల భేదమును పాటించినవి: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, సత్యనారాయణల నడుమ నడచిన వ్యాజ్యములో 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని ఏది పట్టవలెనో ఏది విడువవలెనో ఎంచుకొను నేర్పు రమ్మీలో ప్రధానమని, మూడుముక్కలాట కేవలము అదృష్టాధీనమని వివరించెను.

ఆ కొలతతో చూచినచో రూలెట్ చక్రము నాకు రుచింపలేదు. చూచుటకు అది మనోహరము. అమెరికా చక్రమున 38 గదులు, ఒక అంకెపై గెలిచినచో పందెమునకు 35 రెట్లు. అన్ని గదులపైనను ఒక్కొక్క డాలరుంచినవాడు 38 పెట్టి 36 తిరిగి పొందును, నూటికి 5.26 చొప్పున పోవుటకు ఆటగాని తెలివితో పనిలేదు. 1913 ఆగస్టు 18న మాంటెకార్లోలో నలుపు వరుసగా 26 సార్లు వచ్చినప్పుడు, ఇక ఎరుపు రాక తప్పదని పందెము పెంచుకొనిపోయినవారు కుప్పలుగా సొమ్ము నష్టపోయిరి. చక్రమునకు జ్ఞాపకము లేదు. వచ్చిన అంకెలను వరుసగా చూపు దీపఫలకమును ఆ బల్లప్రక్క నేటికిని నిలుపుట నాకు మిక్కిలి కష్టము కలిగించినది, ఆ వరుసవలన తెలియునది శూన్యము కనుక.

సొమ్ము విషయమున నేను కఠినుడను. నౌకలో గదితాళపు కార్డునే చూపి చిప్పులు కొనవచ్చును, చిట్టా దిగునాడు చేతికి వచ్చును. ఈ సౌకర్యమును ప్రారంభకుడు ముట్టరాదు. వెంట తెచ్చిన నోట్లే హద్దు. తెలుగు జిల్లాలలో పేకాటవలన పొలములు, పుస్తెలు పోయిన కుటుంబములను ఎరిగినవాడను, ఈ మాటలో రాజీపడను. గంటకు సుమారు అరువది చేతులు ఆడినచో, చేతికి 15 డాలర్ల వంతున 900 డాలర్ల పందెము త్రిప్పినట్లగును. కాసినో వాటా నూటికి రెండైనచో సగటున 18 డాలర్లు ఆ గంట వెల. ఆ వెలకు ఆ గంట తగునా యని కూర్చుండకముందే నిశ్చయించుకొనవలెను. పోయినదానిని రాబట్టుటకు రెట్టింపు పందెము కాయునతడు ఆట మాని మరేదో చేయుచున్నాడు.

బ్లాక్‌జాక్ బల్లపై అర్ధవలయముగా అచ్చువేసిన పంక్తిని మాత్రము మొదట చదువవలెను. ఆసు, పది కలిసి వచ్చిన చేతికి రెంటికి మూడు చొప్పున ఇచ్చెదరా, అయిదింటికి ఆరు చొప్పుననా యని అందుండును. పది డాలర్ల పందెమునకు మొదటిది పదునైదు, రెండవది పండ్రెండు. ఈ ఒక్క మార్పే కాసినో వాటాను నూటికి దాదాపు 1.4 మేర పెంచును. మా నౌకలో మంచి నియమముగల బల్లకు కనీస పందెము 25 డాలర్లు, రెండవరకపు బల్లకు పది. ఏ బల్లయని అల్లుడడుగగా కాగితముపై లెక్కవేసి చూచితిమి: గంటకు సగటు నష్టము మొదటిచోట తొమ్మిది, రెండవచోట పండ్రెండు డాలర్లకు చేరువ. అయినను మా సంచిలోనిది 200 డాలర్లు. 25 చొప్పున ఎనిమిది చేతులకే సరి, వరుసగా చెడినచో పాఠము పావుగంటలో ముగియును. నేర్చుకొనువానికి సగటుకంటె చేతుల సంఖ్య ముఖ్యమని తలచి పది డాలర్ల బల్లయొద్దనే కూర్చుంటిమి; పట్టిక కంఠస్థమైన పిదప మరొక ప్రయాణమున ఆ మొదటి బల్లకు పోవలెనని మా అల్లుని సంకల్పము.