బొజ్జన్న ఏం చేస్తాడు?

అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ మెట్ల దగ్గర ముంజలు అమ్ముకునే ఆవిడని ఓసారి అడిగాను, "ఈ బొజ్జన్న ఏం వరాలిస్తాడమ్మా?" అని. ముంజ ఒలుస్తున్న చెయ్యి ఆపకుండానే చెప్పింది: "ఏటీ ఇవ్వడమ్మా. అలా కూకుంటాడంతే."

ధ్యానం మీద నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ఆ మాట సూటిగా ఉంది.

మా ఎలమంచిలి నుంచి అక్కడికి రైల్లో అరగంట. బొజ్జన్న అంటే బుద్ధన్నేనని, శంకరం అంటే సంఘారామమని చెబుతారు. 1907లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు చేశాడు. పక్క కొండ మీద రాతినే తొలిచి వరసలు వరసలుగా చేసిన స్తూపాలు ఊరివాళ్ళకి లింగాల్లా కనిపించాయి, అది లింగాలకొండ అయింది. మాకు ఇంకా దగ్గర్లో, రాంబిల్లి మండలం కొత్తూరులో మరో బౌద్ధస్థలం ఉంది. దాని పేరు ధనదిబ్బలు! కూడబెట్టుకోవడం వద్దనుకున్న భిక్షువులు బతికిన చోట జనం డబ్బుని ఊహించుకున్నారు. బుద్ధుడు తణ్హ, అంటే దాహం అన్నది దీన్నే కాబోలు.

కొండల పేర్లే కాదు, మాటలూ ఇలాగే దారి తప్పాయి. బౌద్ధగ్రంథాల పాలి భాషలో వేదన అంటే ఒంటికీ మనసుకీ తగిలే ఏ అనుభవమైనా సరే: హాయి, బాధ, రెండూ కానిది. తెలుగులో బాధ ఒక్కటే మిగిలింది. ఉపేక్ష అంటే దగ్గరగా, తొణక్కుండా చూడటం. మనకది పట్టించుకోకపోవడం అయింది. శీలం అంటే చంపకపోవడం, దొంగిలించకపోవడం, కామంలో తప్పు నడవకపోవడం, అబద్ధమాడకపోవడం, మత్తు ముట్టకపోవడం; మగవాడికీ ఆడదానికీ అవే అయిదు. మనవాళ్ళు దాన్ని ఆడదాని ఒంటికి కట్టేశారు. ఇక సంసారం సంగతి చెప్పనే అక్కర్లేదు. పుట్టుకలూ చావుల సుడిగుండానికి పెట్టిన పేరుని మనం అత్తారింటికి పెట్టుకున్నాం. ఈ ఒక్కటీ పూర్తిగా పొరపాటని నేననను.

ఆడవాళ్ళ సుఖం గురించి బౌద్ధం ఏమంటుందో తెలియాలంటే ముందు ఈ మాటల మట్టి దులపాలి. ఎందుకంటే "ఓర్చుకోవే తల్లీ" అని మనకి చిన్నప్పట్నించీ నూరిపోసిన ఓర్పూ, బుద్ధుడు చెప్పిన ఉపేక్షా పైకి ఒకేలా ఉంటాయి. లోపల ఒకదానికొకటి పొసగవు. ఓర్పులో మింగుతాం. ఉపేక్షలో చూస్తాం.

ఎలా చూడాలి? మధ్యాహ్నం భోజనాల దగ్గర పులుసు నోట్లో పెట్టుకుని ఎవరో అంటారు, "మళ్ళీ ఉప్పెక్కువైంది." ఆ మాట చెవిన పడగానే కడుపులో చిన్న మెలిక. తర్వాత గొంతు దగ్గర బిగుతు, చెవుల్లో వేడి. ఇంతవరకూ ఎవరికైనా తప్పదు. ఆ పైన మొదలవుతుంది అసలు కథ: "ఇరవయ్యేళ్ళుగా ఇంతే. ఒక్కనాడైనా బాగుందన్నారా? మా అమ్మ ఉన్నప్పుడే అనాల్సింది..." గరిటె చేతిలోనే ఉంటుంది, మనం మాత్రం పెళ్ళినాటికి వెళ్ళిపోయి ఉంటాం. బుద్ధుడి బోధల్ని కూర్చిన సంయుత్త నికాయంలో దీనికో పోలిక ఉంది. బాణం తగిలిన మనిషికి వెంటనే రెండో బాణం కూడా తగలడం. మొదటిది లోకం వేసింది. రెండోది మనం వేసుకుంటాం. సాధన అంతా ఈ రెండింటి మధ్య ఉన్న క్షణాన్ని పట్టుకోవడమే. గొంతులో బిగుతుని బిగుతుగానే, వేడిని వేడిగానే గమనిస్తే అది పెరుగుతుంది, కాసేపు నిలుస్తుంది, సడలిపోతుంది. ఏదీ నిలవదని పుస్తకంలో చదవడం వేరు, సొంత గొంతులో చూడటం వేరు.

ఆ చూపు కుదరడానికే ఆనాపానం. ముక్కుపుటాల దగ్గర ఊపిరి వచ్చిపోవడం తెలుసుకుంటూ కూర్చోవాలి, అంతే. ప్రాణాయామంలోలా బిగబట్టకూడదు, లెక్కపెట్టి వదలకూడదు. మనసు పాలవాడి బాకీ దగ్గరికి పోతుంది. పోయిందని తెలియగానే వెనక్కి తేవాలి, తిట్టుకోకుండా. 1969లో బర్మా నుంచి వచ్చి మన దేశంలో విపశ్యన నేర్పిన గోయెంకా గారి పది రోజుల శిబిరాల్లో మొదటి మూడు రోజులూ ఇదే పని. ఫీజు లేదు, మాట లేదు, తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. హైదరాబాద్ దగ్గర ధమ్మఖేత్తలో, ఏలూరు దగ్గర విజయరాయిలో ఈ కేంద్రాలున్నాయి. వెళ్తానని ఇంట్లో అన్నప్పుడు నాకు ఎదురైన మొదటి ప్రశ్న, "పది రోజులు వంటెవరు చేస్తారు?" బుద్ధుడు ఇల్లు వదిలిన రాత్రి ఆ ప్రశ్న ఆయన్నెవరూ అడగలేదు.

దానికి జవాబు 'దీపా మా' అనే ధ్యానగురువు దగ్గర దొరుకుతుంది. అసలు పేరు నానీబాలా బారువా, 1911లో చిట్టగాంగ్ ప్రాంతంలో పుట్టింది. బర్మాలో కాపురం. ఇద్దరు పిల్లలు పోయారు, 1957లో భర్త పోయాడు, ఆరోగ్యం పాడైంది. ధ్యానకేంద్రంలో చేరి, కోలుకుని, తర్వాత కలకత్తాలో చిన్న ఇంట్లో ఉంటూ గృహిణులకి నేర్పింది. తీరిక దొరికాక చెయ్యమనలేదు. బట్టలు ఇస్త్రీ చేస్తూ, పిల్లకి పాలిస్తూ అందులోనే చెయ్యమంది.

అందరి సుఖమూ కోరే మైత్రి భావన మాత్రం మనవాళ్ళకి మొదటి మెట్టు దగ్గరే అడ్డం తిరుగుతుంది. విశుద్ధిమగ్గం అనే ధ్యానగ్రంథం చెప్పిన వరసలో 'సుఖంగా ఉండాలి' అని ముందు కోరుకోవాల్సింది తనకి. తర్వాత గురువులకి, ఆత్మీయులకి, ఎవరో తెలియనివాళ్ళకి, చివర్న గిట్టనివాళ్ళకి. అందరూ తిన్నాక అడుగంటింది గీక్కుని తినడం అలవాటైన మనిషికి ఈ వరస సిగ్గుగా ఉంటుంది. మా పిన్ని అయితే, "నాకెందుకే, పిల్లలు బాగుంటే చాలదా" అని కళ్ళు తెరిచేసింది.

నాగార్జునకొండ బోధిసిరి అలా అనుకోలేదు. మూడో శతాబ్దం, ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి పద్నాలుగో రాజ్యవర్షం. ఆమె రాణి కాదు, భిక్షుణి కాదు, ఇల్లూ బంధువులూ ఉన్న ఉపాసిక. చుళధమ్మగిరిలో చైత్యగృహం, దేవగిరిలో ధ్యానశాల, పూర్వశైలంలో చెరువు, మన ఘంటసాలలో రాతి మండపం: ఎక్కడేం కట్టించిందో శాసనంలో వరసపెట్టి చెక్కించింది. అత్తింటివాళ్ళ పేర్లూ పుట్టింటివాళ్ళ పేర్లూ వేయించింది, తన పేరూ మర్చిపోలేదు.

అంతా ఇలాగే సాగిందనుకోకూడదు. పెంచిన తల్లి మహాప్రజాపతి గౌతమి సంఘంలో చేర్చుకోమని మూడుసార్లు అడిగితే బుద్ధుడు మూడుసార్లూ కాదన్నాడు. శిష్యుడు ఆనందుడు ఆమె తరఫున మాట్లాడాక ఒప్పుకుని ఎనిమిది షరతులు పెట్టాడని సంఘం నియమాల గ్రంథం వినయపిటకమే చెబుతోంది. నూరేళ్ళ అనుభవమున్న భిక్షుణి అయినా ఆ రోజే చేరిన భిక్షువుకి లేచి దండం పెట్టాలన్నది అందులో మొదటిది. అయినా ఆ చేరినవాళ్ళు ఊరుకున్నారా? థేరీగాథ అనే పుస్తకం నిండా వాళ్ళ గొంతులే, 73 కవితలు. భర్తా బిడ్డలూ అమ్మానాన్నా అందరూ పోయి పిచ్చిదై తిరిగిన పటాచార, కాళ్ళు కడుక్కున్న నీళ్ళు పల్లానికి పారడం చూస్తూ మనసుని నిలబెట్టుకుంది. ఆ రాత్రి సూదితో వత్తిని కిందికి లాగి దీపం ఆర్పినప్పుడు ఆమెకి విడుదల దొరికింది. చేతిలో ఉన్నవి నీళ్ళూ సూదీ. ఏ ఇంట్లోనైనా ఉండే వస్తువులే.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. కొట్టే మొగుడి ముందు ఊపిరి గమనిస్తూ కూర్చోవడం సాధన కాదు. అప్పుడు చెయ్యాల్సింది మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను. భార్యని గౌరవించాలని, ఇంటి పెత్తనం ఆమెకి అప్పగించాలని సిగాలోవాద సుత్తం భర్తకే చెప్పింది. ఆ సగం మన ఉపన్యాసకులకి ఎప్పుడూ గుర్తుండదు.

మా వీధిలో ఒకమ్మాయి అచ్యుతాపురం బట్టల కంపెనీలో కుట్టుపని చేస్తుంది. తెల్లారకుండానే బస్సు. ఎలమంచిలి దాటాక కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకుంటానంటుంది. "ఏం తేడా కనిపించిందే?" అన్నాను.

"సూపర్‌వైజర్ అరిస్తే పాత అరుపులన్నీ గుర్తొచ్చేవండీ. ఇప్పుడు ఆ ఒక్క అరుపే వినబడతంది."

"రోజూ చేస్తావా?"

"ఎక్కడండీ," అని నవ్వింది, "సగం రోజులు నిద్దరట్టేత్తాది."