రాయి ఉన్నవారు, రాయి లేనివారు: తొలి మిషనరీల సమాధుల పునరుద్ధరణపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

శృంగవరపుకోటలో ఒక సంఘపు యౌవనస్థులు ఒక శనివారము ఉదయము కత్తులు, పారలు, సున్నపు బకెట్లు పట్టుకొని తొలి మిషనరీల సమాధుల తోటను బాగుచేయుటకు బయలుదేరారని అనుకొందాము. సాయంత్రానికి తుప్పలు పోతాయి. రాళ్ళు తెల్లగా కనబడతాయి. ఫోటోలు తీసుకొంటారు. కాపరిగారు ప్రార్థన చేసి ముగిస్తారు. ఇది మంచి పని, ఇందులో విమర్శించుటకు ఏమున్నదని ఎవరైనా అడుగవచ్చును. ఆ యౌవనస్థులను తప్పుపట్టుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. వారి పనిని మనము ఒక గ్రంథమును చదివినట్లు జాగ్రత్తగా చదవాలన్నదే మా మనవి. ఏలయనగా సమాధుల పునరుద్ధరణ శుభ్రతా కార్యక్రమము మాత్రమే కాదు, అది సంఘ చరిత్రను తిరిగి వ్రాయుట. ఏ రాయిని నిలబెడతాము, దేనిని వదిలివేస్తాము, ఏ మట్టిదిబ్బను చదును చేస్తాము అన్నవాటిలో ఈ చరిత్ర ఎవరిది అను ప్రశ్నకు మన జవాబు ఉన్నది.

ఈ విధమైన స్వచ్ఛంద సేవ క్రొత్తది కాదు. భారతదేశములో మరణించిన ఐరోపావారిని గూర్చి ‘టూ మాన్సూన్స్’ అను పుస్తకము వ్రాసిన థియోన్ విల్కిన్సన్, 1976లో దక్షిణాసియాలోని సమాధుల తోటల కొరకు బ్రిటనులో ఒక సంఘమును స్థాపించారు. బాక్సా అని పిలువబడే ఆ సంఘము సమాధుల వివరములు సేకరించుట, స్థానికులు చేపట్టే మరమ్మతులకు కొద్దిపాటి సహాయము చేయుట అను పనులను చేపట్టింది. మన తెలుగు సంఘములకైతే సమాధులను బాగుచేయుట పరాయి విషయము కాదు. సమాధుల పండుగ వచ్చినదంటే, అది కొందరికి నవంబరు 2, కొందరికి ఈస్టరు వేకువ, ప్రతి కుటుంబము తమవారి సమాధికి సున్నము వేసి, పూలు పెట్టి, క్రొవ్వొత్తులు వెలిగిస్తుంది. కనుక ఈ పనికి కావలసిన భక్తి మనలో ఉన్నది. కావలసినది వివేచన.

1. ఎవరి సమాధులు?

శృంగవరపుకోటకు ఎగువనున్న అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది, తాటిపూడి మీదుగా పారి, భీమునిపట్నము వద్ద సముద్రములో కలుస్తుంది. ఆ భీమునిపట్నములో హాలండర్స్ గ్రీన్ అని పిలువబడే డచ్చివారి సమాధుల తోట ఉన్నది. డచ్చి ఈస్టిండియా కంపెనీవారు 17వ శతాబ్దములో అక్కడ వర్తక స్థానము ఏర్పరచుకొన్నారు. 1824 నాటి ఒడంబడిక వలన ఆ పట్టణము ఆంగ్లేయులకు దక్కినది. అక్కడ నిద్రించినవారు వర్తకులు, ఉద్యోగులు, వారి భార్యాబిడ్డలు. వారు బట్టల వ్యాపారమునకు వచ్చినవారు, సువార్త ప్రకటనకు వచ్చినవారు కారు. ఆ కంపెనీయే 17వ శతాబ్దములో కోరమండల్ తీరమునుండి మనుష్యులను బానిసలుగా ఓడలలో తరలించిన సంగతి కూడ చరిత్రకు తెలుసు.

ఇందుకు భిన్నమైనది 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా విశాఖపట్నము వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ల చరిత్ర. వారు తెలుగు నేర్చుకొన్నారు, లేఖనములను తెలుగులోనికి అనువదించుట మొదలుపెట్టారు. క్రాన్ 1809లో శ్రీకాకుళములోను, డెస్ గ్రాంజెస్ 1810లో విశాఖపట్నములోను మరణించారు. వారి పరిచర్య ఐదేండ్లకు మించలేదు. మూడవది బాప్టిస్టు మిషను చరిత్ర. కెనడా మారిటైమ్ ప్రాంతపు మిషనరీలు సియాము దేశములో పని విడిచి 1875లో తెలుగువారి మధ్యకు వచ్చారు. భీమునిపట్నము, బొబ్బిలి, శ్రీకాకుళము, విజయనగరము కేంద్రములుగా పని సాగింది.

వర్తకుడు, సైనికుడు, మిషనరీ అను భేదము లేకుండ మన గ్రామస్థులు వీటన్నిటిని ‘దొరల సమాధులు’ అంటారు. గ్రామస్థులు అలా అనుటలో దోషము లేదు. అయితే సంఘము కూడ అదే చూపుతో, ఇంగ్లీషు అక్షరములున్న ప్రతి రాయి విశ్వాస వీరునిదని భావించిన యెడల, చరిత్ర అక్కడే చెడిపోతుంది. పాత సమాధి ఏదైనను చరిత్ర సాక్ష్యముగా కాపాడదగినదే. కాని హెబ్రీ 13:7 మనలను ఆజ్ఞాపించునది దేవుని వాక్యము బోధించినవారిని జ్ఞాపకము చేసుకొని, వారి ప్రవర్తన ఫలమును తలపోసి, వారి విశ్వాసమును అనుసరించుటకు. ఆ వచనమును ప్రతి దొరకు అన్వయించలేము.

2. రాతిమీది మాటను చదువుట

సమాధిరాయి కూడ ఒక సాహిత్య ప్రక్రియ. దానికి తనదైన మూస ఉన్నది: పేరు, పుట్టిన ఊరు, మరణ తేదీ, పంపిన సొసైటీ, ఒక లేఖన వాక్యము. స్త్రీ అయితే ఫలానావారి భార్య అని ఉంటుంది. ఆమె భాష నేర్చి, బాలికలకు చదువు చెప్పి, రోగులను చూచినను ఆ సంగతి తరచుగా రాతికి ఎక్కదు. పసిబిడ్డలైతే నెలలు, దినములు లెక్కపెట్టి చెక్కుతారు. ఆ రాళ్ళముందు ఎవరి మనస్సైనను కరుగుతుంది. జ్వరము, విరేచనముల వలన ఆ కుటుంబములు చెల్లించిన వెల నిజమైనది. దానిని తక్కువ చేయరాదు.

అయినను రాయి చెప్పనిది కూడ ఉన్నది. అది ఇంగ్లీషులో మాట్లాడుతుంది. ఎవరి మధ్య ఆ సేవకుడు జీవించాడో వారు దానిని చదువలేరు. అతని ప్రక్కన నడిచిన ఉపదేశి, బైబిలు స్త్రీ, పుస్తకముల మూట మోసిన కాల్పోర్టరు ఆ రాతిమీద కనబడరు. 1905లో జె. జె. కాటన్ మద్రాసు రాజధానిలోని సమాధుల శాసనములను ఒక గొప్ప గ్రంథముగా కూర్చారు. నేటికిని పరిశోధకులకు అది ఆధారము. అయితే అది చారిత్రక, పురావస్తు ప్రాముఖ్యముగల శాసనముల పట్టిక అని దాని పేరులోనే ఉన్నది. ప్రాముఖ్యమును ఎవరు నిర్ణయించారు? పట్టికలో చేరాలంటే మొదట రాయి ఉండాలి. రాయి ఉండాలంటే డబ్బు ఉండాలి. ఆ విధముగా దరిద్రుని మరణము పట్టికకు వెలుపలనే నిలిచిపోతుంది. నేడు ఆ పట్టికను చేతబట్టి బాగుచేయుటకు వెళ్ళే స్వచ్ఛంద సేవకుడు ఆనాటి ఎంపికను తెలియకుండానే స్థిరపరుస్తాడు.

3. రాయి లేని మార్గదర్శకులు

‘తొలి’ అను మాటనే కొంచెము పరీక్షిద్దాము. డెస్ గ్రాంజెస్ అనువదించిన మూడు సువార్తలు, మత్తయి, మార్కు, లూకా, ఆయన మరణించిన తరువాత 1812లో శ్రీరాంపురములో అచ్చయ్యాయి. ఆ అనువాదములో ఆయన ప్రక్కన కూర్చున్నవాడు ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి. పరదేశి ఒకడు కొద్ది సంవత్సరములలో సువార్తను చదువదగిన తెలుగులోనికి తెచ్చాడంటే, ఆ తెలుగు ఎవరి నోటిది? పౌలు పత్రికను వ్రాసిన తెర్తియు తన పేరు తానే చెప్పుకొనుటకు రోమా 16:22లో చోటు దొరికింది. మన చరిత్ర పుస్తకములలో ఆనందరాయరుకు దొరికినది ‘సహాయకుడు’ అను ఒక్క మాట.

రెండవ ఉదాహరణ కాకినాడది. కెనడియన్ బాప్టిస్టు మిషను అక్కడ 1874లో జాన్ మెక్లారిన్ రాకతో ఆరంభమైనదని చదువుకొంటాము. కాని తంతి శాఖలో ఉద్యోగము విడిచి, తన స్వంత ధైర్యముతో అక్కడ సువార్త పని మొదలుపెట్టి, భారము మోయలేక మిషనును పిలిచినవాడు థామస్ గాబ్రియేలు. ఆయన 1875లో మరణించాడు. పిలిచినవాడు ముందా, పిలువబడినవాడు ముందా? గాబ్రియేలు తెలుగువాడు గనుక ‘మిషనరీ’ అను మాట ఆయనకు అంటలేదు, ఆ మాట అంటనందున ‘తొలి మిషనరీల’ వరుసలో ఆయన నిలువలేదు. ఇది ఒక పదము చేసిన అన్యాయము. మెక్లారిన్ సేవను తగ్గించుటకు దీనిని చెప్పుట లేదు. ఆయన పిలుపు విని వచ్చినవాడని చెప్పుట ఆయనకును గౌరవమే.

ఈ ఇద్దరి పేర్లైనను మనకు మిగిలాయి. గ్రామ గ్రామము నడిచిన బైబిలు స్త్రీల సంగతి ఏమి? వారిలో చాలమందికి మట్టిదిబ్బ, దానిమీద కొయ్య సిలువ. కొయ్య చెదలకు పోయింది. దిబ్బ వానలకు అణగిపోయింది.

4. బేతేలు సమాధి

ఇక్కడ రెండు అభ్యంతరములు వస్తాయి. మొదటిది: సమాధులకు ఇంత శ్రమ ఎందుకు, మోషే సమాధి ఎక్కడనో ఎవరికిని తెలియదు గదా (ద్వితీ. 34:6), ఆ డబ్బు బ్రదికియున్నవారికి ఖర్చు పెట్టరాదా? రెండవది: ఇవి పరపాలన గుర్తులు, వీటిని శిథిలము కానివ్వండి. మొదటివారు విగ్రహభక్తికి భయపడుతున్నారు, రెండవవారు దాస్యభావమునకు భయపడుతున్నారు. రెండు భయములకును కారణము లేకపోలేదు. మత్తయి 23:29-31లో ప్రవక్తల సమాధులను కట్టి అలంకరించినవారిని యేసు గద్దించాడు. ఆ గద్దింపు కట్టడమును గూర్చి కాదు. చనిపోయిన ప్రవక్తను గౌరవించి, బ్రదికిన ప్రవక్తను త్రోసివేయు ద్వంద్వ నీతిని గూర్చి.

ఈ విషయములో మనకు దారి చూపగలది 2 రాజులు 23:15-18. యోషీయా బేతేలులో బలిపీఠమును పడగొట్టి, సమాధులలోని ఎముకలను తీయించి కాల్పించుచున్నాడు. ఒక గుర్తురాయి ఆయన కంట పడింది. అదేమిటని అడిగాడు. ఆ ఊరివారు కథ చెప్పారు: యూదానుండి వచ్చి ఈ బలిపీఠమునకు విరోధముగా ప్రకటించిన దైవజనుని సమాధి అది. అప్పుడు రాజు దానిని ముట్టవద్దన్నాడు. ఆ సమాధిని కాపాడినది రాయి ఒక్కటే కాదు. రాయి ప్రశ్నను పుట్టించింది, ఊరివారి జ్ఞాపకము జవాబు చెప్పింది. కథ తెలిసినవారు లేకపోయిన యెడల ఆ రాయి కూడ మిగిలినవాటితో పోయేదే.

ఇంకొక సంగతి గమనించాలి. ఆ సమాధిలో ఇద్దరున్నారు. 1 రాజులు 13వ అధ్యాయములో, బేతేలులో కాపురమున్న ముసలి ప్రవక్త తనను ఆ పరదేశి ప్రక్కనే పాతిపెట్టమని కుమారులతో చెప్పాడు. బయటనుండి వచ్చినవాడు, ఊరివాడు ఒకే సమాధిలో ఉన్నారు. వారి సంబంధము సాఫీగా సాగినది కాదు. ముసలివాడు అబద్ధమాడాడు, దైవజనుడు మోసపోయి మరణించాడు, ముసలివాడు ఏడ్చి పాతిపెట్టాడు. లేఖనము దీనిలో ఏ ఒక్కటి దాచలేదు. మిషనరీలకును మన పితరులకును మధ్య ప్రేమ ఉన్నది, అపార్థము ఉన్నది, యజమాని-సేవకుడు అను అంతరము కూడ ఉన్నది. ఆ సంబంధమును మొత్తముగా చెప్పగలిగిన పునరుద్ధరణ మాత్రమే బేతేలు సమాధికి సాటియైనది. దొరను మాత్రమే కీర్తించుట అర్ధసత్యము. దొరను మాత్రమే చెరిపివేయుట మరొక అర్ధసత్యము.

5. పని చేయు విధము

ఈ వేదాంతము పార పట్టుకొన్నప్పుడు ఏమవుతుంది? మొట్టమొదట, యంత్రముతో చదును చేయించరాదు. ఒక గంటలో తోట అందముగా కనబడును గాని, గుర్తులేని మట్టిదిబ్బలన్నియు ఆ గంటలోనే పోతాయి. అవి మన సంఘములోని పేదల సమాధులు. దొర సమాధికి దారి వేయుటకు వారిమీదుగా నడుచుట జరుగరాదు. తుప్పలు కొట్టక ముందే తోటంతటిని కొలిచి, పటము గీసి, ప్రతి రాయిని, ప్రతి దిబ్బను, తలవైపు పాతిన ప్రతి ఇటుకను అంకెలతో గుర్తించాలి.

రెండవది, సిమెంటు, ఆయిల్ పెయింటు, ఆసిడ్, ఇనుప బ్రష్షు వద్దు. పాత సమాధులు సున్నముతో కట్టినవి. సున్నము తేమను బయటకు పోనిస్తుంది. సిమెంటు పూత తేమను లోపల బంధిస్తుంది, సముద్రతీరములో ఆ తేమతోపాటు ఉప్పు చేరి, గట్టిపడి, రాతి పైపొరను, ఇటుకను పొట్టు పొట్టుగా రాల్చివేస్తుంది. డంగుసున్నము తెలిసిన తాపీ మేస్త్రీలు దొరికితే వారినే అడగాలి. నీళ్ళు, మెత్తని బ్రష్షు, వెదురు పుల్ల చాలును. బీటలో మొలచిన రావిమొక్కను బలముగా లాగిన యెడల కట్టడము విడిపోతుంది, కోసి వేరును ఎండబెట్టాలి. అరిగిన అక్షరములను తిరిగి చెక్కించరాదు. ఏటవాలుగా పడే ఉదయపు ఎండలో ఫోటో తీసిన యెడల కంటికి అందని అక్షరములు కూడ తేలుతాయి. రాతి ప్రక్కన తెలుగులో ఒక చిన్న పలక పెట్టిన యెడల చాలును. పురావస్తు శాఖ రక్షణలోనున్న చోట అనుమతి లేకుండ ఏదియు ముట్టరాదు.

మూడవది, పేర్లు వెదకుట. సంఘపు బాప్తిస్మ, సమాధి రిజిస్టరులు తీయండి. ముసలివారిని అడగండి. అన్నిటికంటె మంచి అవకాశము సమాధుల పండుగ నాడే ఉన్నది. ఆ వేకువ ప్రతి కుటుంబము తనవారి దిబ్బయొద్ద నిలుచుంటుంది. అప్పుడు నోటు పుస్తకము పట్టుకొని తిరిగిన విద్యార్థికి ఏ గ్రంథాలయములోను దొరకని పట్టిక దొరుకుతుంది.

నాలుగవది, స్థలము. సర్వే నంబరు, అడంగలు, మిషను దస్తావేజులు సరిచూడాలి. మన గ్రామములలో దళిత క్రైస్తవులకు పాతిపెట్టుటకు చోటు లేక శవముతో నిరీక్షించిన దినములను కాపరులు ఎరుగుదురు. తేదీ చెక్కియున్న పాత రాయి ఆ స్థలము ఎంత కాలమునుండి సమాధులతోటయో చెప్పే సాక్షి. దానిని కాపాడుట బ్రదికియున్నవారికి కూడ సహాయము. డబ్బు ఎవరికి ఖర్చు పెట్టాలన్న అభ్యంతరమునకు ఇది ఒక జవాబు.

ముగింపు

యొర్దాను దాటిన తరువాత నిలువబెట్టిన పండ్రెండు రాళ్ళు రాళ్ళ కొరకు నిలువబెట్టినవి కావు. పిల్లలు అడిగినప్పుడు పెద్దలు జవాబు చెప్పుటకు (యెహోషువ 4:6-7). గోత్రమునకొక రాయి చొప్పున పెట్టారు, ఒక్క యెహోషువ పేరున కాదు.

కనుక మన శృంగవరపుకోట యౌవనస్థులు బయలుదేరవద్దని చెప్పము. బయలుదేరుటకు ముందు ఒక ఆదివారము సంఘ రిజిస్టరును తెరచి, తమ అవ్వలను, తాతలను కూర్చుండబెట్టి, మన ఊరికి సువార్త మొదట ఎవరి నోట వచ్చిందని అడగవలెనని కోరుతున్నాము. ఆ జవాబులో ఒక దొర పేరు ఉండవచ్చును. ఆయన వెనుక నడిచిన ఒక ఉపదేశి పేరు, చీర కొంగున పుస్తకము కట్టుకొని తిరిగిన ఒక అవ్వ పేరు కూడ ఉండవచ్చును. ఆ పేర్లన్నిటిని ఒకే పలకమీద వ్రాసి ఆ తోట గుమ్మములో పెట్టిన తరువాత సున్నపు బకెట్టు పట్టుకొన్న యెడల, ఆ పని సంఘ చరిత్రకు నిజమైన సేవ అవుతుంది. వేదాంత కళాశాలలు సంఘ చరిత్ర తరగతిలో ప్రతి విద్యార్థికి తన ఊరి సమాధులతోట పటమును ఒక అభ్యాసముగా ఇచ్చిన యెడల, ఒక తరము గడువకముందే రాయి లేనివారిలో కొందరి పేర్లైనను మనకు తిరిగి వస్తాయి. ఆ పేర్లు తెలిసిన ముసలివారు ప్రతి సంవత్సరము కొందరు తగ్గుతున్నారు గనుక ఈ పనిని వచ్చే ఈస్టరు వేకువకే మొదలుపెట్టుట మంచిది.