మెదడులోని సంధానము: సైకిడెలిక్ పరిశోధనలపై ఒక విమర్శ

సైకిడెలిక్ ద్రవ్యములు మెదడులోని భాగములను కొత్తగా సంధానించునను మాట నేడు బహుళప్రచారమును పొందినది. ఇందుకు సాక్ష్యముగా 2014లో పెట్రి మొదలగువారు ప్రకటించిన చిత్రమును తరచు చూపుదురు. అందు రెండు వలయములు గలవు. సామాన్యస్థితిని చూపు వలయమున గీతలు పలుచన; సైలోసైబిన్ ఇచ్చిన పిమ్మటి స్థితిని చూపు వలయమున దట్టము. చూచినవారు మెదడులో కొత్త తంతువులు మొలచినవని తలచుట సహజము. ఆ గీతలకు అర్థమేమో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. యంత్రము నాడీతంతువులను కొలువదు. రక్తములోని ప్రాణవాయువు మార్పులను కొలుచును. రెండు భాగములలో ఆ మార్పులు ఒకే లయలో హెచ్చి తగ్గినచో వానికి సంధానము గలదందురు. ఇది గణితరీత్యా సహసంబంధము మాత్రమే. మైలాపూరులోను తిరువల్లిక్కేణిలోను ఒకే వేళ కోవెల గంటలు మ్రోగినంతమాత్రమున ఆ రెంటినడుమ త్రాడు గట్టియున్నదని చెప్పలేము గదా! రెండును ఒకే పంచాంగము ననుసరించుచుండవచ్చును. పైగా ఈ ద్రవ్యములు సెరటోనిన్ 2ఎ గ్రాహకములపై పనిచేయును. అట్టి గ్రాహకములు రక్తనాళములందును గలవు. కావున కొలతలోని మార్పంతయు నాడీకణములదే యని నిశ్చయింప వీలులేదు.

ఫలితములును ఏకముఖముగా లేవు. 2012లో లండను ఇంపీరియల్ కళాశాలకు చెందిన కార్‌హార్ట్-హారిస్ బృందము సైలోసైబిన్ వలన మెదడు ముందు, వెనుక కేంద్రములనడుమ లయబంధము సడలుటను గమనించినది. 2016లో అదే బృందము 20 మందికి ఎల్.ఎస్.డి. ఇచ్చి, దృష్టికేంద్రము ఇతరభాగములతో లయ కలుపుట హెచ్చినదని తెల్పినది. 2024లో సీగెల్ మొదలగువారు ఏడుగురికి 25 మిల్లీగ్రాముల సైలోసైబిన్ ఇచ్చి పరిశీలింపగా, మెదడంతటను లయ చెదరినది. జ్ఞాపకమునకు సంబంధించిన హిప్పోకాంపస్‌కును డిఫాల్ట్ మోడ్ జాలకమునకును గల పొత్తు కొన్ని వారములపాటు తగ్గియుండెను. అయినను, చిన్న పనిపై మనస్సు నిలుపుమన్నప్పుడు ఆ చెదరుట తగ్గినది. ఇవి యన్నియు కలిపి చూచినచో, జాలకములలోపలి పొందిక సడలి, వానినడుమనున్న ఎల్లలు పలుచబడుచున్నవనుట యుక్తము. “సంధానము పెరుగును” అనుట అర్ధసత్యము.

ఈ వివేచనము పండితవినోదము గాదు. చెన్నపురి స్టాన్లీ వైద్యకళాశాలలో చదివిన వి.ఎస్. రామచంద్రన్, తెగిపోయిన అవయవమందు తోచు బాధకు అద్దముతో ఉపశమనము కల్పించి ప్రసిద్ధుడయ్యెను. 2018లో ఆయన బృందము, అద్దపు చికిత్సకు సైలోసైబిన్ తోడైనప్పుడు ఒక రోగికి బాధ తగ్గిన వృత్తాంతమును ప్రకటించినది. ఇది ఆశాజనకమే, కాని ఒక్క రోగి వృత్తాంతము. మందు వలన నెంత, అద్దము వలన నెంత, నమ్మకము వలన నెంత యని దానివలన తేలదు. బాధపడువారు వలయచిత్రమును చూచి స్వయముగా ప్రయోగమునకు దిగినచో ప్రమాదము. తామో, దగ్గరి బంధువులో ఉన్మాదవ్యాధికి లోనైనవారిని పరిశోధకులు సాధారణముగా ప్రయోగములలో చేర్చుకొనరు. మనదేశమున 1985 నాటి మాదకద్రవ్య చట్టము ఈ రెండు ద్రవ్యములను నిషేధించుచున్నది.

కావున తెలుగున వ్రాయువారు రెండు భావములకు రెండు మాటలు వాడుట మేలు. తంతువులతో నేర్పడినదానిని “తంతుసంధానము” అనియు, యంత్రము కొలిచినదానిని “లయసామ్యము” అనియు అన్నచో, చదువరి గీతను చూచి త్రాడని భ్రమింపడు. శాస్త్రము చెప్పినదానికంటె మాట ఎక్కువ చెప్పరాదు.